సల్వా జుడుం

ఇది గోండి మాట. 'సల్వా' అంటే శాంతి, శుద్ధి. 'జుడుం' అంటే అందరూ కలిసి కదలడం, ఊరంతా కలిసి చేసే వేట. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ ముందుండి నడిపిన మావోయిస్టు వ్యతిరేక ఉద్యమానికి ఈ పేరే పెట్టారు. ప్రభుత్వం ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులను చేసింది. ఊళ్లు తగలబడ్డాయి. వేలమంది ప్రాణభయంతో ఖమ్మం అడవులకు వలస వచ్చారు. 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదివాసీ యువకులను ఇలా ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. నేడు తెలుగులో 'సల్వా జుడుం' అంటే శాంతి కాదు, భయమే స్ఫురిస్తుంది. అడిగే నాథుడు లేని అధికారం పాలకుల వివేకాన్ని హరిస్తుంది, జనం మాటలనూ మలినం చేస్తుంది. అందుకే అధికారానికి చట్టం కళ్లెం తప్పనిసరి.