ద్రవలోహ విస్ఫోటనం

కరిగిన లోహం అడుగున చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ఎగజిమ్మడాన్ని ద్రవలోహ విస్ఫోటనం అంటారు. దీనికి మంట అవసరం లేదు; నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. కరిగిన ఉక్కు ఉష్ణోగ్రత దాదాపు 1,600 డిగ్రీల సెల్సియస్. పైన పడిన నీరు చాలావరకు ఆవిరై పోతుంది, అడుగున చిక్కినదే ప్రాణాంతకం. అందుకే కొలిమిలో తడిసిన తుక్కు వేయరాదు. ఉక్కును మోసే లేడిల్‌ను ముందే వేడిచేసి తేమ పోగొట్టాలి. కార్మికులు నైలాన్ దుస్తులు ధరించరాదు, అవి కరిగి చర్మానికి అంటుకొని కాలిన గాయాన్ని మరింత లోతు చేస్తాయి.

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోని రెండవ స్టీల్ మెల్టింగ్ షాపులో 2023 ఫిబ్రవరి 11న మరుగుతున్న స్లాగ్ (లోహమలం) ఎగజిమ్మి తొమ్మిదిమంది గాయపడ్డారు. అదే విభాగంలో 2012 జూన్ 13న 19 మందిని బలిగొన్న ప్రమాదాన్నీ పేలుడు అనే అంటారు గాని, అది ఈ కోవకు చెందదు. అక్కడ ఆక్సిజన్ పీడనాన్ని తగ్గించే కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా నడుపుతుండగా మంటలు చెలరేగాయి.