ఫ్లూకు గెలుపులు – వాటి వెనకున్న లెక్క

2009 వేసవిలో సెలవు పెట్టి ఇంటికెళ్ళినప్పుడు ఖమ్మంలో ఒక ఓపెన్ చెస్ టోర్నమెంటు ఆడాను. అప్పటికి నా రేటింగు 1700 పైచిలుకు. మొదటి రౌండులో తగిలింది దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక ఆశ్రమ పాఠశాల కుర్రాడు. పన్నెండేళ్ళుంటాయేమో. లిస్టులో వాడి పేరు పక్కన రేటింగు సున్నా. తొందరగా ముగించేసి టిఫిన్‌కి పోదాం అనుకున్నాను. తీరా చూస్తే వాడే నా ఆట కట్టించాడు. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో ఒక్క బంటు ఎక్కువ పెట్టుకుని, ఏ కంగారూ లేకుండా దాన్ని చివరి గడి దాకా నడిపించుకుపోయాడు.

బయటికొచ్చాక పక్క బోర్డు మిత్రుడు "ఏందన్నా, పోరడి చేతిలో పోయినవ్!" అని నవ్వి, నా మొహం చూసి "పోనీలే, ఫ్లూకు" అని సర్దాడు. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తప్పనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

చెస్ రేటింగు లెక్క కట్టింది అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసరు. అమెరికా చెస్ సంఘం 1960లో, ఫిడే 1970లో దాన్ని తీసుకున్నాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, వంద ఆటల్లో కిందివాడికి సుమారు 24 పాయింట్లు రావాలి. 400 తేడా ఉంటే సుమారు 9 (డ్రాకి అర పాయింటు కలుపుకుని). ఇక ఓపెన్ టోర్నీలు నడిచేది స్విస్ పద్ధతిలో. 1895లో జ్యూరిక్‌లో మొదలైంది కాబట్టి ఆ పేరు. అందులో మొదటి రౌండు జాబితాని సగానికి మడిచి, పై సగాన్ని కింది సగంతో ఆడిస్తారు. 50 బోర్డుల మీద 400 తేడాతో ఆటలు జరిగాయనుకోండి, నాలుగైదు పాయింట్లు కిందివాళ్ళకి పోవాల్సిందే. పోకపోతేనే ఆశ్చర్యం!

ఇది ఎంత పెద్దవాళ్ళకైనా తప్పదు. 2023 అక్టోబరులో ఖతార్ మాస్టర్స్ ఓపెన్ రెండో రౌండులో 2839 రేటింగున్న మాగ్నస్ కార్ల్‌సెన్, 2512 రేటింగున్న కజకిస్తాన్ ఆటగాడు సులేమెనోవ్ చేతిలో ఓడిపోయాడు. అదే టోర్నీ ఏడో రౌండులో మన కార్తికేయన్ మురళి కూడా ఓడించాడు. క్లాసికల్ ఆటలో కార్ల్‌సెన్‌ని ఓడించిన మూడో భారతీయుడని పేపర్లన్నీ రాశాయి. మిగతా ఇద్దరిలో ఒకరు ఆనంద్, రెండోవాడు మన గుంటూరు హరికృష్ణ. అయితే హరికృష్ణ గెలిచింది 2005లో. అప్పటికి కార్ల్‌సెన్ పద్నాలుగేళ్ళవాడు, రేటింగు హరికృష్ణదే ఎక్కువ. కాబట్టి అప్పుడది సంచలనం కాదు, మామూలు గెలుపు. సంచలనం అనేది ఆటలో లేదు, ఆటకి ముందు మనం చూసిన అంకెలో ఉందన్నమాట.

అసలు అంకెలే లేని రోజులూ ఉన్నాయి. మన దేశపు మొట్టమొదటి జాతీయ చెస్ ఛాంపియన్‌షిప్ 1955లో ఎక్కడ జరిగిందో తెలుసా? ఏలూరులో! డి. వెంకయ్య, రామచంద్ర సప్రే సంయుక్త విజేతలు. ఫిడే రేటింగులు రావడానికి ఇంకా పదిహేనేళ్ళుంది. ఎవరు పెద్ద ఆటగాడో బోర్డు ముందు కూర్చున్నాకే తేలేది.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. రేటింగు అనేది ఒక కాష్. అసలు విలువ మారిపోతున్నా, కొత్త ఆట ఆడేదాకా కాష్‌లో పాత అంకే ఉంటుంది. నెల నెలా ఎదిగే పిల్లల విషయంలో ఇది మరీ తేడా కొడుతుంది. చివరికి ఫిడే కూడా ఈ సంగతి ఒప్పుకుంది. 2024 మార్చిలో 2000 కింద ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా పాయింట్లు కలిపింది. 2000కి ఎంత తక్కువుంటే అందులో నలభై శాతం. అంటే 1500 వాడు 1700 అయ్యాడు, 1000 వాడు 1400 అయ్యాడు.

పై మెట్టు మీద ఉన్నవాళ్ళ కష్టం ఇంకోరకం. మన హన్మకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024లో ఓపెన్‌లలోనూ, లీగుల్లోనూ తనకంటే తక్కువ రేటింగువాళ్ళతో తెగ ఆడాడు. అక్కడ గెలిస్తే వచ్చేది కొంచెం, డ్రా అయినా పోయేది ఎక్కువ. అలా ఆడుతూనే ఆ డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. 2025 జులైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పులో ఇంకో తమాషా. నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ క్వార్టర్ ఫైనల్లో మన హారికని, ఫైనల్లో మన హంపిని ఓడించింది. హంపికీ ఆమెకీ తేడా 80 పాయింట్లే, అంటే లెక్క ప్రకారం నూటికి 39 పాయింట్లు ఆమెవే. దాన్ని ఫ్లూకు అని ఎవరంటారు?

మళ్ళీ మా కుర్రాడి దగ్గరికొస్తాను. ఆ ఓటమికి నా రేటింగు ఎంత తగ్గిందో తెలుసా? ఒక్క పాయింటు కూడా తగ్గలేదు. రేటింగు లేనివాడితో ఆడిన ఆట, రేటింగున్నవాడి లెక్కలోకి రాదు. వాడికి రేటింగు రావాలంటే అప్పటి నియమాల ప్రకారం రేటింగున్నవాళ్ళతో కనీసం 9 ఆటలాడాలి. భద్రాచలం నుంచి ఖమ్మం నూరు కిలోమీటర్ల పైన. రైలెక్కాలన్నా కొత్తగూడెం దాకా రావాలి. బస్సు చార్జీ, ఎంట్రీ ఫీజు, వెంట వచ్చే పీఈటీ సారుకి సెలవు... ఇవన్నీ కుదిరితేనే ఒక టోర్నీ. 2014లో చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రాలోకి వెళ్ళాక, ఒకే అడవిలో పక్క పక్క ఊళ్ళ పిల్లలకి రాష్ట్ర స్థాయి పోటీలు కూడా వేరైపోయాయి. అర్జున్ అంకె నిజాన్ని అందుకుందంటే అన్ని ఆటలు ఆడగలిగాడు కాబట్టి. వీళ్ళకి మొదటి అంకే పడదు.

ఆ తర్వాత ఏ టోర్నీలోనూ ఆ కుర్రాడు నాకు కనపడలేదు. కాబట్టి ఇకమీదట ఎవరైనా పెద్ద రేటింగువాడు ఓడిపోతే ఫ్లూకు అనేముందు, గెలిచినవాడికి ఇంతకుముందు ఎన్ని ఆటలు దొరికాయో ఒక్కసారి చూడండి.

అన్నట్టు ఇంకో మాట. ఆ రోజు ఆట అయ్యాక వాడు బోర్డు మీద పావులు మళ్ళీ సర్దేసి, "సార్, ఇంకోటి ఆడదామా?" అని అడిగాడు. నాకు పనుందని చెప్పి లేచొచ్చేశాను.

పనేమీ లేదు.