రోల్ ప్లేయింగ్ గేమ్‌ల సీక్వెల్స్‌పై అసంతృప్తి

పేరు పాతదే ఉండి ఆట తీరు మారిపోయిన రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లపై తొలినాటి అభిమానులు వ్యక్తం చేసే నిరాశ ఇది. 1997లో ఇంటర్‌ప్లే విడుదల చేసిన ‘ఫాలౌట్’లో పోరాటం వంతులవారీగా సాగేది. హక్కులు బెథెస్డా చేతికి వెళ్లాక 2008లో వచ్చిన మూడో భాగం తుపాకీ ఆటకు దగ్గరైంది. కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో చేరారు, పాతవాళ్లలో చాలామంది అలిగారు.

బయోవేర్ సంస్థ ‘డ్రాగన్ ఏజ్ 2’ (2011)పై వచ్చిన ఫిర్యాదులో న్యాయం ఎక్కువ. ఏడాదిన్నర లోపే హడావుడిగా తయారు చేయడంతో అవే గుహలు, అవే గిడ్డంగులు పదేపదే ఎదురయ్యాయి. మొదటి భాగంలో మనిషి, ఎల్ఫ్, మరుగుజ్జు జాతుల్లో నచ్చినదాన్ని ఎంచుకునే వీలుండేది. ఇందులో మనిషి పాత్రే గతి. అదే సంస్థ ‘మాస్ ఎఫెక్ట్ 3’ (2012) విషయంలో గొడవంతా ముగింపు మీదే. మూడు భాగాల పొడవునా తాము తీసుకున్న నిర్ణయాలకు చివరికి విలువ లేకుండా పోయిందని ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ ఏడాది జూన్‌లో సంస్థ ముగింపును విస్తరించి ఉచితంగా ఇచ్చింది.

వంతులవారీ పోరుకు కాలం చెల్లిందన్న మాటను 2023లో లారియన్ స్టూడియోస్ ‘బాల్డర్స్ గేట్ 3’ తిప్పికొట్టింది. విచిత్రమేమిటంటే, దానిపైనా కొందరు పాత అభిమానులు గుర్రుమన్నారు: మొదటి రెండు భాగాల్లో పోరు వంతులవారీగా ఉండేది కాదు మరి.