ఆజంజాహీ మిల్లు గోడలు ఏమైనట్టు?

వరంగల్ తారీఖ్ అనగానే మనవాళ్లు కూడా ఖిల్లా, వేయిస్తంభాల గుడి, కాకతీయులతోనే మొదలుపెట్టి అక్కడే ఖతం చేస్తారు. 1934లో నిజాం సర్కార్ ఇక్కడ నిలబెట్టిన ఆజంజాహీ మిల్లు యాద్ కి రాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద షహజాదా ఆజం జా పేరు దానికి పెట్టారు. ఆయన 1931లో ఆఖరి ఉస్మానియా ఖలీఫా బిడ్డ దుర్రె షహ్‌వార్‌ను నికాహ్ చేసుకున్నవాడు. అంతటి పేరున్న మిల్లులో నూలు వడికి, బట్ట నేసినవాళ్లు మాత్రం మామూలు గరీబులు. పద్మశాలీలు, ముస్లింలు, దళితులు ఒకే సైరన్‌కి లేచి ఒకే గేటులోంచి పోయేవారు.

తర్వాత మిల్లు కేంద్ర హుకూమత్ వారి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది. పాతబడ్డ మిషన్లు, పెరిగిన నష్టాలు, పైనుంచి పవర్‌లూమ్‌ల పోటీ. 2002లో తాళం పడింది. మజ్దూర్లను స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపారు. ‘స్వచ్ఛందం’ అనే మాటలో ఎంత ఇష్టం ఉందో ఆ ఇళ్లల్లో అడగాలి.

ఇలాంటి దాస్తాన్ అమెరికాలో డెట్రాయిట్‌ది. కార్ల షహర్. 1950లో ఆబాదీ పద్దెనిమిదిన్నర లక్షలు, 2010 నాటికి ఏడు లక్షల చిల్లర. 2013లో షహరే దివాలా తీసింది. (మనకు రిష్తా లేని ఊరేం కాదు. ఫోర్డ్ కార్ఖానా ఉన్న హైలాండ్ పార్క్‌లో 1921లో కట్టిన మస్జిద్, అమెరికాలో మస్జిద్‌గానే కట్టిన తొలి ఇమారత్‌లలో ఒకటి.) ఖండహర్లయిన ఇళ్ల మీద 1986లో టైరీ గైటన్ అనే నల్లజాతి కళాకారుడు హైడెల్‌బర్గ్ వీధిలో రంగులు వేయడం షురూ చేశాడు. పారేసిన బొమ్మలు, బూట్లు గోడలకు తగిలించాడు. మునిసిపాలిటీ వాళ్లు 1991లో ఒకసారి, 1999లో ఇంకోసారి కొంత కూలగొట్టారు. ఆయన మళ్లీ వేశాడు. అదే ఊళ్లో నల్లవాళ్ల బస్తీని తెల్లవాళ్ల ప్లాట్ల నుంచి వేరు చేయడానికి 1941లో అర మైలు పొడుగునా ఆరడుగుల దీవార్ కట్టారు. 2006లో బస్తీవాళ్లు దాని మీదే తస్వీర్లు వేసుకున్నారు.

అక్కడ గోడలు మిగిలాయంటే ఒక వజహ్ ఉంది. ఆ జమీన్‌ను కొనేవాడు లేడు, కాబట్టి కూల్చే తొందర కూడా తక్కువ. వరంగల్‌లో కథ ఉల్టా. రైల్వేస్టేషన్‌కు దగ్గర్లో నడిబొడ్డున ఉన్న నేల మిల్లు కన్నా ఖరీదైపోయింది. షెడ్లు కూలాయి, మిషన్లు తుక్కు కింద పోయాయి, కుడా వారి ‘ఓ సిటీ’ ప్లాట్లు వచ్చాయి. రంగు వేద్దామన్నా గోడ లేదు.

రంగులు మన షహర్‌కీ వచ్చాయి, కాదనను. ఫ్లైఓవర్ల కింద, ఆఫీసుల గోడల మీద కళాతోరణం, బతుకమ్మ, పేరిణి. ఖూబ్‌సూరత్‌గానే ఉంటాయి. కానీ బాబిన్ పట్టుకున్న మజ్దూర్ ఎక్కడ? మెక్సికోవాడు డియెగో రివేరా 1932-33లో డెట్రాయిట్ మ్యూజియం గోడల మీద 27 తస్వీర్లలో ఫోర్డ్ కార్మికులను దించాడు. పైసలిచ్చింది ఫోర్డ్ కొడుకే అయినా, పనివాడి చేతులకే పెద్దపీట వేశాడు. మన మిల్లు మొదలైందీ ఆ రోజుల్లోనే. మనకు అలాంటి గోడ దక్కలేదు.

హైదరాబాద్‌లో 2016లో రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలకు పెద్ద పెద్ద తస్వీర్లు వేశారు. మనవాళ్లు బాగా ఉన్న బస్తీ అది. పిల్లలు ఆడుకునే గల్లీలోనే హునర్ చూపించారు. వరంగల్‌లో అది చేయడానికి కళాకారులకు కొదవ లేదు. ఫ్లెక్సీలు వచ్చి రోజీ పోగొట్టుకున్న పెయింటర్లు, ఉర్దూ బోర్డులు రాసిన కాతిబ్‌లు ఇంకా ఉన్నారు.

2017లో గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు. నౌకరీలు వస్తే ముబారక్. కొత్తదానికీ కాకతీయుల పేరే దొరికింది, సరే. ఆజంజాహీ మజ్దూర్లవి టోకెన్లు, హాజరు కార్డులు, గేటు ముందు దిగిన ఫోటోలు మీ ఇంటి సందూక్‌లో ఉంటే దయచేసి పారేయకండి. దాదా, నానా హయాత్‌లో ఉంటే ఫోటోలో ఎవరెవరో అడిగి, వెనక పేర్లు రాసిపెట్టండి. తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే.