కిన్వట్ సరిహద్దు ప్రాంతంలో దీర్ఘకాల గర్భనిరోధం: చరిత్ర

పెన్‌గంగ ఒడ్డున ఉన్న కిన్వట్ నేడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో తాలూకా కేంద్రం. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగే దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి గోండు, కోలాం, ప్రధాన్, తెలుగు, మరాఠీ స్త్రీల ఆరోగ్య చరిత్రను మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రాల రికార్డుల్లో వెతుక్కోవాలి. ప్రభుత్వ కార్యక్రమాలకు ముందటి శతాబ్దాలు మంత్రసానుల చేతి మీదుగా, రాతకెక్కకుండా గడిచిపోయాయి. 1952లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1965లో గర్భాశయంలో అమర్చే లూప్ వచ్చింది. 1976లో మహారాష్ట్ర శాసనసభ నిర్బంధ శస్త్రచికిత్సల బిల్లును ఆమోదించినా దానికి రాష్ట్రపతి సమ్మతి దొరకలేదు. ఎమర్జెన్సీ తరవాత మగవాళ్ల ఆపరేషన్లు తగ్గిపోయి భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం. కాపర్ టీ వాడకం చాలా తక్కువ. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కోరుకునే స్త్రీకి ఈ ఏర్పాటులో దాదాపు చోటే లేకపోయింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరుది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో భారత వైద్య పరిశోధన మండలి నెట్-ఎన్ అనే హార్మోను ఇంజక్షన్‌ను పరీక్షకు పెట్టింది. రెండు నెలలకోసారి వేసే మందు అది. ఇది ప్రయోగమన్న సంగతీ దుష్ఫలితాలూ అక్కడికి వచ్చిన స్త్రీలకు సరిగా చెప్పడం లేదని హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంస్థ బయటపెట్టింది. 1986లో సహేలీ, చింగారీ సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఓపికగా నడిపిన ఆ వ్యాజ్యం 2000లో ముగిసింది. సామూహిక కార్యక్రమంలో నెట్-ఎన్ వాడకం తగదని ప్రభుత్వం కోర్టులో ఒప్పుకుంది. ఈలోగా 1993లో, మూడు నెలలకోసారి వేసే డిపో-ప్రొవెరా ఇంజక్షన్‌కు మార్కెట్ అనుమతి దొరికింది. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ‘అంతరా’ పేరుతో అందుబాటులోకి వచ్చింది 2017లోనే.

ఈ వ్యాజ్యం వల్ల పేద స్త్రీకి ఒక మంచి సాధనం ఏళ్ల తరబడి అందకుండా పోయిందని కొందరి విమర్శ. అందులో కొంత నిజముంది. ఉదాహరణకు ఇక్కడి గోండు, కోలాం, ప్రధాన్ కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. ఆ వ్యాధి ఉన్న గర్భిణికి తీవ్ర రక్తహీనత, గుర్రపువాతం, నెలలు నిండకుండా కాన్పు వంటి ముప్పులు ఎక్కువ గనుక కాన్పుల మధ్య ఎడం తప్పనిసరి. ఈ వ్యాధి ఉన్న స్త్రీలకు మూడు నెలల ఇంజక్షన్ వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఎవరికి సికిల్ సెల్ ఉందో, ఎవరికి రక్తస్రావం ఆగడం లేదో ఒక్కొక్కరినీ అడిగి, పరీక్షించి తెలుసుకోవలసిందే. లక్ష్యాలు పెట్టి గుంపుగా సూది వేసే చోట ఆ పని సాగదు. పైగా వేసిన మందును శరీరంలోంచి వెనక్కి తీయలేం. చివరి ఇంజక్షన్ తరవాత మళ్లీ గర్భం నిలవడానికి పది నెలలో, అంతకు మించో పట్టవచ్చు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపు గిరిజనులకు పరీక్షలు చేయిస్తోంది. ఆ ఫలితం అంతరా వేసే ఏఎన్‌ఎం చేతికీ చేరేలా చూడవలసింది రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలే.