విడాల్ చీటీ, పన్నెండో తరగతి పాఠం: తప్పు ఎక్కడ మొదలైంది?

టైఫాయిడ్‌కు చేసే విడాల్ రక్తపరీక్ష దుర్వినియోగం మీద మన దగ్గర నడిచిన చర్చంతా చివరికి ఆర్‌ఎంపీ గుమ్మం దగ్గరే ఆగుతుంది. జ్వరం మూడో రోజున రక్తం తీయించాడు, చీటీలో 'పాజిటివ్' చూసి సెలైన్ ఎక్కించాడు, ల్యాబు దగ్గర కమీషన్ పుచ్చుకున్నాడు. ఈ ధోరణికి పెద్దదిక్కయిన ఒక ఆచార్యులవారి సిద్ధాంతం ప్రకారం శాస్త్రం పైన సక్రమంగానే ఉంది, కిందికి దిగాకే చెడింది. ఆయన్ని ఉదహరించని వ్యాసం అరుదు, ప్రశ్నించిన వ్యాసం నా కంటబడలేదు. నేననేది, చెడింది పైనేనని.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి జీవశాస్త్రంలో మానవ ఆరోగ్యం, వ్యాధుల అధ్యాయం తీయండి. టైఫాయిడ్‌ను విడాల్ పరీక్షతో ధ్రువపరచుకోవచ్చన్న మాట ఏ షరతూ లేకుండా కనిపిస్తుంది. డాక్టర్లు కావాలని నీట్ రాసే పిల్లలు, విజయవాడ హాస్టల్లో ఉన్నా హైదరాబాదు హాస్టల్లో ఉన్నా, దాన్ని బట్టీ పట్టక తప్పదు. విచిత్రమేమంటే అదే చోట మేరీ మాలన్ ప్రస్తావనా ఉంది. క్రిమిని మోస్తూ, వండిపెడుతూ ఏళ్ళ తరబడి టైఫాయిడ్ పంచిన వంటమనిషి. ఒంట్లో క్రిమి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదని ఆమె ఉదంతం చెబుతుంటే, విడాల్ పసిగట్టే ప్రతిదేహం కనబడితే చాలు జబ్బు ఖాయమన్నట్టు దాని పక్కనే పాఠం. ఆచార్యులవారు ఈ పుటను చూసినట్టు లేదు.

ఇక చీటీ సంగతి. అందులో నాలుగు వరుసలు: ఓ, హెచ్, ఏహెచ్, బీహెచ్. ఓ ప్రతిదేహాలు సాధారణంగా మొదటి వారం చివరికి గానీ పైకి తేలవు. మూడో రోజు చీటీలో టైటర్ (ప్రతిదేహాల మోతాదు) 1:160 ఉంటే అది ఈ జ్వరానిదేనని ఎలా నమ్మాలి? హెచ్ ప్రతిదేహాలు నెలల తరబడి నిలుస్తాయి. సంబంధం లేని మరో జ్వరం వచ్చినా మళ్ళీ లేస్తాయి. పైగా ఓ ప్రతిజనకాల్లో 12వది టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ సొంతం కాదు, పారాటైఫీ ఏ, బీలకూ ఉంది. 9వది ఎంటరైటిడిస్‌కూ ఉంది. ఇన్ని కలిశాక ఒంటరి చీటీ చెప్పగలిగేది, ఈ మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక సాల్మొనెల్లా ఎదురైందని మాత్రమే. టైఫాయిడ్ ఊరు వదలని మన ప్రాంతాల్లో అది ఎవరికి ఎదురుకాలేదు గనక!

హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ సంయుగ్మ టీకాను తీసుకుంటే వ్యవహారం ఇంకా తేటపడుతుంది. అది వీఐ ప్రతిజనకం మీద ఆధారపడింది, ఓ, హెచ్ వరుసలను కదిలించదు. అంటే రక్షణ ఉన్నవాడి చీటీ ఖాళీగా ఉండొచ్చు, ఎప్పుడో జబ్బు పడి లేచినవాడి చీటీ నిండుగా ఉండొచ్చు.

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ఈ పరీక్షను ప్రకటించిన తర్వాత దాని హద్దులు తెలియరాక కాదు. వారం, పది రోజుల తేడాతో రెండు నమూనాలు తీసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగిందేమో చూడాలన్నది పాత నియమమే. నేను చూసిన చీటీల్లో రెండో నమూనా ఊసే లేదు. రక్తం కల్చర్‌కు ఖర్చెక్కువ, ఫలితానికి రోజులు పడతాయి, యాంటీబయాటిక్ పడ్డాక క్రిమి దొరకడం మరీ కష్టం, నిజమే. విడాల్ వాడటానికి అది కారణమేమో గాని, దాన్ని ధ్రువీకరణ అనడానికి కాదు.

ఆ 'ధ్రువీకరణ' వెంటే మందులూ వస్తాయి. పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాదులో 2016లో బయటపడ్డ టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూదిమందుకూ లొంగలేదు. క్రిమికి చిక్కిన ప్లాస్మిడ్, కలుషిత నీరు అని పరిశోధకులు కారణాలు చూపారు. ఆ ప్లాస్మిడ్ నిలదొక్కుకోవడానికి అనువైన మందుల వెల్లువ ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్కడి సంగతి తెలియదు గాని, ఇక్కడ అలాంటి వెల్లువకు ఒక ఊట తరగతి గదిలో ఉందని నా నిశ్చయం. పాఠంలోని ఆ ఒక్క వాక్యం దిద్దితే మన జిల్లాల్లో జ్వరాల సూదిమందుల అమ్మకం కొంతైనా తగ్గవచ్చు.

కనుక పాఠంలో జంట నమూనాల షరతు చేర్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యవంతుల టైటర్లు ప్రాంతాలవారీగా కొలిచి, ఆ అంకెను ప్రతి విడాల్ చీటీ అడుగునా అచ్చువేయాలి. ఆర్‌ఎంపీల మీద విచారణ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.