ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలి దాకా: ఒక ఫుట్‌బాల్ అభిమాని జ్ఞాపకాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నాకు ఓ మోస్తరుగా తెలిసిన విషయం ఒక్కటే, అది ఫుట్‌బాల్. నేను ఆడినవాణ్ణి కాను, చూసినవాణ్ణి మాత్రమే. మన దేశం జట్టు ఆడుతున్నదంటే వీలైనంతవరకు అక్కడికి వెళ్ళి, గ్యాలరీలో కూర్చుని, గొంతు బొంగురు పోయేదాకా అరిచి వచ్చినవాణ్ణి. ఎక్కువసార్లు ఓటమి చూసి వచ్చినవాణ్ణి.

ఇప్పుడు మేము మణికొండలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాము. మా బాల్కనీలో నిలబడితే నాలుగు దిక్కులా అద్దాల మేడలే. ఈ ప్రాంతమంతా జాగీరు గ్రామమనీ, బండలు తప్ప మరేమీ ఉండేవి కావనీ చెబితే మా మనవడు నమ్మడు. వాడు నమ్మని సంగతి మరొకటి ఉంది. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టుకు హైదరాబాదే పుట్టిల్లు అన్న సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మా నాన్నగారు సచివాలయంలో గుమాస్తా. సాయంత్రం ఆఫీసు వదలగానే సైకిలు మీద నేరుగా ఫతే మైదాన్‌కు వెళ్ళేవారు. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చిన దగ్గరనుంచి నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని తీసుకువెళ్ళేవారు. ఆ మైదానాన్నే 1967లో లాల్ బహదూర్ స్టేడియం అన్నారు. అక్కడ మేము చూసినది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకున్న జట్టు అది. వాళ్ళు మనలాగే నెల జీతగాళ్ళు. పొద్దున డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీసు.

ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. అందరూ రహీం సాబ్ అనేవారు. ఉస్మానియా పట్టభద్రులు, వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. బంతిని కాళ్ళ దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటవెంటనే అందించుకుంటూ పోవడం ఆయన నేర్పిన పద్ధతి. కుడికాలి వాటం ఉన్న పిల్లల చేత ఎడమకాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారట. బడిలో పాఠం చెప్పినట్టే మైదానంలోనూ చెప్పేవారని నాన్నగారు అనేవారు.

ఆయన శిక్షణలోనే మన దేశం 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, ఇంకా కొందరు మన ఊరివాళ్ళు. బలరాం సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

1962 సెప్టెంబరు 4 నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. రాజకీయ కారణాల వల్ల అక్కడి జనం మనమీద కోపంగా ఉన్నారు. నిండిన స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మాత్రం మన పక్షాన కేకలు వేశారని తరువాత చదివాము. జర్నైల్ సింగ్ రక్షణ పంక్తిలో ఆడేవాడు. తలకు కుట్లు ఉన్న మనిషిని రహీం సాబ్ ముందుకు పంపి ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. దక్షిణ కొరియా మీద 2-1తో మనం గెలిచాము. రేడియోలో వార్త విని నాన్నగారు వీధి అరుగు మీదకు వచ్చి నిలబడ్డారు. ఇరుగుపొరుగు అందరూ చేరారు. “మన రహీం సాబ్, మన బలరాం, మన తంగరాజ్, మన యూసుఫ్ ఖాన్” అని ఒక్కొక్క పేరూ చెప్పారు, సొంత బంధువుల పేర్లు చెప్పినట్టు. తరువాత నాతో, “ఒక్కసారైనా పై దేశంలో మనవాళ్ళు ఆడుతుంటే చూడాలిరా” అన్నారు. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. 1963 జూన్ 11న కాలం చేశారు. నాన్నగారు హైదరాబాదు దాటి ఏ మ్యాచ్ చూడకుండానే వెళ్ళిపోయారు.

నేను ఉద్యోగంలో చేరాక, మా సెక్షన్లో పక్క సీటు మిత్రుడు కూడా నా వంటి పిచ్చివాడే దొరికాడు. పాతబస్తీ మనిషి. చిన్నప్పుడు కాళ్ళకు బూట్లు లేకుండా ఆడినవాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన నయీముద్దీన్ కెప్టెన్‌గా, మన హబీబ్ జట్టులో ఉండగా కాంస్యం వచ్చిందని కబుర్లు చెప్పుకుంటూ ఫైళ్ళు చూసేవాళ్ళం. “భాయ్, రిటైరయ్యాక ఇద్దరం కలిసి పరదేశం వెళ్ళి ఇండియా మ్యాచ్ చూద్దాం” అన్నది అతని మాటే. నా మాట కూడా.

నా మొదటి యాత్ర 1982 ఢిల్లీ ఆసియా క్రీడలకు. ఎల్.టి.సి. పెట్టుకొని ఎ.పి. ఎక్స్‌ప్రెస్‌లో మా శ్రీమతితో బయలుదేరాను. తాజ్‌మహల్ చూపిస్తానని ఆమెకు చెప్పాను, చూపించాను కూడా. కానీ మిగతా రోజులన్నీ ఫుట్‌బాలే. మనవాళ్ళు బంగ్లాదేశ్‌ను, మలేసియాను ఓడించారు. చైనాతో 2-2. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియాతో ఆట ముగియబోతుండగా ఒక్క గోల్ పడింది. అంతే. స్వెట్టర్లు లేక వణుకుతూ బస్సుకోసం నిలబడినప్పుడు మా శ్రీమతి, “ఇంత దూరం వచ్చింది దీనికా?” అన్నది. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

తరువాత పిల్లల చదువులు, ఇంటి అప్పు, బదిలీలు. ఆ ఇరవయ్యేళ్ళలోనే మన ఊరి ఫుట్‌బాల్ కూడా చిక్కిపోయింది. క్రికెట్ వచ్చి మింగేసిందని అందరూ అంటారు. అది సగం నిజమే. ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి జట్లను పోషించిన శాఖలూ సంస్థలూ నియామకాలు తగ్గించుకున్నాయి. బస్తీల్లో ఆటస్థలాల మీద ఇళ్ళు లేచాయి. బాగా ఆడే కుర్రవాళ్ళు కలకత్తా క్లబ్బులకు వెళ్ళారు. హబీబ్ అక్కడే పేరు తెచ్చుకున్నాడు, 1977లో పీలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కూడా కొట్టాడు. వెళ్ళినవాళ్ళ స్థానంలో ఇక్కడ కొత్తవాళ్ళు తయారు కాలేదు. ఉద్యోగం భద్రత ఉన్నది కనుకనే ఆ రోజుల్లో పేద ఇంటి తండ్రి కొడుకును మైదానానికి పంపాడు. ఈ మాట మన సంఘం పత్రికలో రాయకపోతే ఇంకెక్కడ రాయాలి?

నేను 2007లో ఉద్యోగ విరమణ చేశాను. మరుసటి ఏడు ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు హైదరాబాదులోనే జరిగింది. మిత్రుడూ నేనూ గొడుగులు పట్టుకొని వెళ్ళాము. సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛెత్రీ గోల్‌తో గెలిచాము. ఫైనల్ కూడా ఇక్కడే అని సంబరపడుతుండగా వానలకు మైదానం పాడై ఆటను ఢిల్లీకి మార్చారు. రైల్లో బెర్తులు దొరకలేదు. 2008 ఆగస్టు 13న మనవాళ్ళు తజికిస్తాన్‌ను 4-1తో ఓడించారు, ఛెత్రీవే మూడు గోల్స్. ఓడిన మ్యాచ్‌లన్నీ గ్యాలరీలో చూసిన మేమిద్దరం, గెలిచిన ఆ ఒక్కటీ టీవీలో చూశాము. ఆ గెలుపుతో 27 ఏళ్ళ తరువాత మనకు 2011 ఆసియా కప్పు ఆడే అర్హత వచ్చింది. అది దోహాలో. అప్పుడు మా అల్లుడి ఉద్యోగం అక్కడే. ఇద్దరం పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాము. మిత్రుడు 2009లో గుండెపోటుతో పోయాడు.

దోహాకు ఒంటరిగానే వెళ్ళాను. 1984 తరువాత మనకు అదే మొదటి ఆసియా కప్పు. ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, దక్షిణ కొరియా చేతిలో 1-4. మూడు ఆటల్లో పదమూడు గోల్స్. అయినా గ్యాలరీ ఖాళీ కాలేదు. కేరళవాళ్ళు డప్పులతో వచ్చారు. నా పక్కన కరీంనగర్, నిజామాబాద్ వైపు కూలీ పిల్లలు కూర్చున్నారు. సెలవు రోజు కాకపోయినా మేస్త్రీని బతిమాలుకొని వచ్చామన్నారు. కొరియా ఆటలో మన గోల్‌కీపర్ సుబ్రతా పాల్ ఒకదాని తరువాత ఒకటి బంతులు ఆపుతుంటే ఆ పిల్లలు ఏడ్చినంత పని చేశారు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు జెండా అంటే ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసింది.

2019 జనవరి 6న అబూధాబీలో, అల్ నహ్యాన్ స్టేడియంలో, థాయిలాండ్‌తో ఆట. అల్లుడు అప్పటికి అక్కడికి మారాడు. సగం సమయానికి 1-1. విరామం కాగానే ఛెత్రీ రెండో గోల్, తరువాత థాపా, ఆపైన జేజే. 4-1. ఆసియా కప్పులో మన దేశం గెలవడం 1964 తరువాత అదే మొదటిసారి. నాకు డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయి. నాన్నగారు కోరుకున్నది, మిత్రుడు కోరుకున్నది, ఇద్దరి వంతూ నేనే చూశాను. బయటికి వచ్చి మిత్రుడి ఇంటికి ఫోన్ చేశాను. అతని భార్య తీసింది. “గెలిచామమ్మా” అన్నాను. కాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తరువాత, “వారికి చెబుతాను అన్నయ్యా” అన్నది. ఆ తరువాత మనం యు.ఎ.ఇ. చేతిలో ఓడాము. షార్జాలో బహ్రెయిన్‌తో డ్రా చేస్తే చాలు, ముందుకు వెళ్ళేవాళ్ళం. 90 నిమిషాలు నిండాక పెనాల్టీ. మళ్ళీ 1982 లాగే.

ఇక ప్రయాణాలు చేసే ఓపిక లేదనుకున్నాక జట్టే నా ఇంటి దగ్గరికి వచ్చింది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు. మణికొండ నుంచి పది కిలోమీటర్లు కూడా లేదు. రాష్ట్రమంతా వరదలతో అల్లాడుతున్న వారం అది. మనవణ్ణి తీసుకొని ఆటోలో వెళ్ళాను. మారిషస్‌తో 0-0, తరువాత సిరియా చేతిలో 0-3. నవంబరు 18న మళ్ళీ అక్కడే మలేసియాతో ఆట. మన గోల్‌కీపర్ ముందుకొచ్చి పొరబడటంతో వాళ్ళ గోల్, తరువాత రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేశాడు, 1-1. ఆ ఏడాది ఆడిన పదకొండు మ్యాచ్‌లలో మనవాళ్ళు ఒక్కటి కూడా గెలవలేదు.

తిరిగి వస్తుంటే మనవడు అడిగాడు. “తాతయ్యా, మనవాళ్ళు ఎప్పుడైనా గెలిచారా?” జకార్తా సంగతి చెప్పాను, రహీం సాబ్ సంగతి చెప్పాను. వాడు నవ్వి, “అది మైదాన్ సినిమా కథ కదా!” అన్నాడు. ఆయన మీద అదే ఏడాది హిందీలో సినిమా వచ్చింది, వాడు చూశాడు. కానీ ఆ మనిషి మన ఊరివాడని, ఆ ఆటగాళ్ళను వాళ్ళ ముత్తాత సైకిలు మీద వెళ్ళి చూశాడని వాడికి తెలియదు. తప్పు వాడిది కాదు, చెప్పవలసినవాణ్ణి నేను. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న వెళ్ళిపోయారు. వాళ్ళ ఆట చూసినవాళ్ళం కూడా ఒక్కొక్కరం వెళ్ళిపోతున్నాము.

మరుసటి ఆదివారం వాణ్ణి లాల్ బహదూర్ స్టేడియంకు తీసుకువెళ్ళి గేటు దగ్గర నిలబెట్టి, ముత్తాత ఎటునుంచి వచ్చేవారో, సైకిలు ఎక్కడ పెట్టేవారో చూపించాను. ఈసారి నవ్వలేదు. ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. మన రాష్ట్రం పిల్లలెవరూ ఇప్పుడు ఆడటం లేదా అన్నది అందులో ఒకటి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పాను. 2025 జూలైలో మన మహిళల జట్టు థాయిలాండ్‌ను వాళ్ళ దేశంలోనే ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత పొందినప్పుడు, వాడే ఫోన్‌లో చూసి, “తాతయ్యా, మీ సౌమ్య జట్టు గెలిచింది” అని పరుగెత్తుకొచ్చాడు. పురుషుల జట్టు మాత్రం ఆ ఏడాది అక్టోబరులో సింగపూర్ చేతిలో స్వదేశంలోనే ఓడి 2027 ఆసియా కప్పు అవకాశం పోగొట్టుకుంది. ఆ ఆట మేమిద్దరం కలిసే చూశాము. ఆట అయ్యేదాకా వాడు లేవలేదు.

మిత్రులారా, మనలో ఫతే మైదాన్‌లో ఆ ఆటలు చూసినవారు, ఆ ఆటగాళ్ళతో కలిసి ఉద్యోగం చేసినవారు ఇంకా ఉన్నారు. దయచేసి మీకు గుర్తున్నది ఒక కాగితం మీద రాసి, కింద తేదీ వేసి, ఇంట్లో పిల్లల చేతిలో పెట్టండి. గచ్చిబౌలిలో మళ్ళీ మ్యాచ్ ఉంటే నాకు కబురు చేయండి. మోకాళ్ళ నొప్పులున్నా ఆటోలో ఒక సీటు మీకోసం ఉంచుతాను.

సెలవు.